గంటా యాభై నిమిషాల దూరం

బీన్స్‌కి ఈనెలు తీస్తూ ఆమె గోడ గడియారం వంక ఏడోసారి చూసింది. నాలుగూ పది. ఐదులోపు ఆఫీసులో పెద్ద మేడమ్‌కి జవాబు చెప్పాలి. వేరే నగరంలో కొత్తగా తెరిచే ఆఫీసుకి ఆమెను ఇన్‌చార్జిగా వేశారు. పదహారేళ్ల సర్వీసులో మొదటిసారి దక్కిన పెద్ద కుర్చీ. వెళ్తానంటే ఆమెది, లేదంటే మరొకరిది.

ఆమె పని విమానాల దారి లెక్కగట్టడం. దూరమెంత, ఎదురుగాలి ఎంత, ఇంధనం ఎంత పోయించాలి, అన్నీ తేల్చి సంతకం పెడుతుంది. ఆ సంతకం లేనిదే ఎంత కొమ్ములు తిరిగిన పైలటైనా విమానాన్ని అంగుళం కదపలేడు. ఇంట్లో మాత్రం కిటికీకి కొత్త పరదా కట్టాలన్నా భర్త, అత్తగారు ఇద్దరి అనుమతీ కావాలి. ఆ నగరం దారి ఆమెకు కంఠతా వచ్చు. పదకొండు వందల నలభై కిలోమీటర్లు, గంటా యాభై నిమిషాలు. ఎదురుగాలి ఉంటే మరో పది.

ఆ దారి ఆమె భర్తకూ కొత్త కాదు. నాలుగేళ్లపాటు ప్రతి సోమవారం పొద్దున్నే అక్కడికే ఎగిరి, శుక్రవారం ఇంట్లో వాలేవాడు. "గంటా యాభై నిమిషాలేగా! ట్రాఫిక్‌లో ఊరు దాటడానికి ఇంతకన్నా ఎక్కువ పడుతుంది" అనేవాడు, ఆమె అతని చొక్కాలు ఇస్త్రీ చేసి సూట్‌కేసులో సర్దుతుంటే. పిల్లకి జ్వరం వచ్చినా, నీళ్ల మోటారు కాలిపోయినా ఆమె ఒక్కతే తంటాలు పడింది. ఇప్పుడు ప్రయాణం ఆమెదనేసరికి అదే ఆకాశం సాగిపోయింది. "పదకొండొందల కిలోమీటర్లంటే మాటలా?" అన్నాడు మొన్న. అత్తగారు వెంటనే అందుకుంది: "వాడంటే మగాడు, వెళ్లాడు. వారానికి ఐదు రోజులు ఆడది లేకపోతే అదీ ఒక ఇల్లేనా తల్లీ?" ఎంత తియ్యగా అందో! ఆ తియ్యదనానికే ఆమెకు ఒళ్లు మండింది. అయినా నోరు మెదపలేదు. ఇన్నేళ్లూ మెదపలేదు కనకే మంచి కోడలు.

హాల్లో ఛార్జింగ్‌కి పెట్టిన ఫోన్ మోగింది. చేతులు తుడుచుకుని వెళ్లేసరికి భర్త దాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు.

"ఎత్తకు. తర్వాత మాట్లాడొచ్చులే."

ఆమె లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏంటమ్మా ఈ మెసేజ్?" పెద్ద మేడమ్ గొంతు ఖంగుమంది. "దూరం చాలా ఎక్కువ, ప్రయాణం కష్టం, రాలేనని రాశావు. ఆ ఊరికి రోజూ మూడు విమానాలు పంపేదానివి, దూరం సంగతి నాకు చెప్తావా? ఇంకేదైనా కారణముంటే చెప్పు, అర్థం చేసుకుంటా. ఇది మాత్రం నువ్వు రాసినట్టు లేదు."

 ఆమె ఫోన్ పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ తెలుసు. దాపరికం ఎందుకని తనే చెప్పింది. ఎదురుగా భర్త రెండు చేతులూ జోడించాడు. సోఫాలోంచి అత్తగారు చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

అతని పరువు కాపాడటం ఆమెకు కొత్త కాదు. విందులో అతను తాగి తూలిన రోజున ఒంట్లో బాలేదని నలుగురికీ సర్దిచెప్పింది ఆమే. ఇప్పుడూ నాలుక మీద అబద్ధం సిద్ధంగా ఉంది. కంగారులో రాశాను మేడమ్ అంటే చాలు, కుర్చీ దక్కుతుంది, అతని పరువూ దక్కుతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. చేదుగా ఉంది.

"నేను వస్తున్నాను మేడమ్," అంది.

భర్త హమ్మయ్య అన్నట్టు చేతులు దించాడు.

ఆమె అతని కళ్లలోకే చూస్తూ చెప్పింది: "ఆ మెసేజ్ నేను రాయలేదు. నా ఫోన్లోంచి, నన్నడక్కుండా, మా ఆయన రాశాడు."