మీగడ మాట్లాడని చోట

ఆ సీరియల్లో ఏమీ జరగదు. నలుగురు పిల్లిచెవుల అమ్మాయిలు ఒక టీ కొట్టు నడుపుతుంటారు, అంతే. ఒకనాడు రిబ్బను పోతుంది. ఇల్లంతా తలకిందులు చేస్తే చివరికి అది ఎవరి తోకకో చుట్టుకుని దొరుకుతుంది. మరొకనాడు వాన పడుతుంది, కిటికీ దగ్గర కూర్చుని చూస్తారు. ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరిగితే టీ పొంగేలోపు ఆరిపోవాలి. ఇలాంటి యానిమేకి, అంటే జపాను బొమ్మల సీరియల్‌కి, జనం ఎందుకు ఎగబడతారని అడిగేవాళ్లు రోజంతా చాకిరీ చేసి ఇంటికొచ్చి సోఫాలో కూలబడి ఎరగరు.

దాన్ని మన భాషలోకి డబ్బింగ్ చేసే స్టూడియోలో సౌండ్ ఇంజినీరును అందరూ కత్తెర అంటారు. దగ్గు, గుటక, కుర్చీ కిర్రుమనడం, మాట కానిదాన్నల్లా కోసి పారేయడం అతని పని. నలుగురిలోకీ చిన్నదైన మీగడకు గొంతు ఇచ్చింది అతని భార్య. ఆమె పోయి నెలలైనా మీగడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. కొత్త గొంతు వెతుకుదామని డైరెక్టరు అంటే కత్తెర ససేమిరా అన్నాడు. పాత భాగాల్లోంచి ఒక నవ్వు, ఒక "ఊ", ఒక "ఏం కాలేదులే, రా, టీ తాగుదాం" ఏరి తెచ్చి కొత్త బొమ్మ పెదవులకు అతికించేవాడు. అతుకు ఎక్కడా తెలిసేది కాదు.

ఇదంతా కూతురి కోసం. ఏడేళ్ల పిల్ల, అల్లరి పడలేక పిడుగు అని పేరు పెట్టారు. తల్లి పోతే ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. సాయంత్రం అయ్యేసరికి టీవీ ముందు చేరి "అమ్మ వచ్చింది" అనేది. పిల్ల తట్టుకుందని కత్తెర లోలోపల సంబరపడ్డాడు. తండ్రులు తమకు కావలసిందే చూస్తారు కాబోలు.

ఒక మధ్యాహ్నం అతని అక్క పిల్లను వెంటబెట్టుకుని స్టూడియోకే వచ్చేసింది. పిడుగు కుడిచేతికి కట్టు ఉంది.

"కాగే పాలగిన్నె ఒట్టి చేత్తో పట్టుకోబోయిందిరా. బొబ్బలెక్కిపోయింది. క్లినిక్కులో కట్టు కట్టించి తెచ్చాను. చూడు, ఎక్కడన్నా ఏడుస్తోందేమో చూడు!"

పిడుగు ఏడవడం లేదు. తల కొంచెం పక్కకు వాల్చి నవ్వింది.

"ఏం కాలేదులే, రా, టీ తాగుదాం," అంది. గొంతు పిల్లదే. కానీ ఆ సాగదీత, చివర్లో ఆ చిన్న విరుపు తల్లివి. కత్తెర అక్క వంక తిరిగాడు.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"నువ్వు చూస్తే కదా! మొన్న మెట్ల మీంచి పడ్డా ఇంతే. మోకాలు చిట్లి రక్తం కారుతుంటే కిసుక్కున నవ్వింది. నాకు భయంగా ఉందిరా తమ్ముడూ. ఇది పిల్లా, బొమ్మా?"

అతను పిల్ల ముందు కూర్చున్నాడు. "నొప్పిగా లేదా తల్లీ?"

"అమ్మకు ఎప్పుడైనా నొప్పి పుట్టిందా ఏంటి?" అంది పిడుగు.

ఆ "ఏం కాలేదులే" ఆమె చేత అనిపించింది తనే. బతికుండగా కొన్నిసార్లు, పోయాక అంతకంటే ఎక్కువసార్లు.

అమ్మకూ నొప్పి పుట్టేదని తెలిసేలా పిల్లకు తల్లి ఏడుపు ఒక్కసారి వినిపించాలనుకున్నాడు. వాళ్లను సోఫాలో కూర్చోబెట్టి కంప్యూటర్లో ఉన్న ఆమె గొంతంతా గాలించాడు. నవ్వులున్నాయి, ఆవులింతలున్నాయి. "అయ్యో" కూడా ఉంది గాని అది బిస్కెట్టు విరిగినందుకు. ఏడుపు లేదు. సీరియల్ ఏనాడూ అడగలేదు. జబ్బుతో ఉండి కూడా రికార్డింగుకు వచ్చిన రోజుల్లో దగ్గూ మూలుగూ ఉండేవి. వాటిని కత్తెరే కోసి పారేశాడు. ఎంత శుభ్రంగా కోశాడో తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

"నవ్వుల్లో ఎందుకు వెతుకుతున్నావ్ నాన్నా?" అంది పిడుగు వెనక నుంచి. "అమ్మ అక్కడ ఉండదు."

"మరెక్కడ ఉంటుంది?"

"వాన చూస్తారు కదా, మీగడ మాట్లాడదు చూడు, అప్పుడు. పక్కనే నిలబడి ఉంటుంది."

అక్క పిల్లను చప్పున దగ్గరికి లాక్కుంది. కత్తెరకు మాత్రం పిల్ల చెప్పింది అర్థమైంది.

ప్రతి రికార్డింగుకు ముందు ఆర్టిస్టు మైకు ముందు కాసేపు కదలకుండా, మెదలకుండా నిలబడాలి. ఆ గది నిశ్శబ్దాన్ని పట్టుకుని మాటల కింద పరుస్తారు. అది లేకపోతే మాటకూ మాటకూ మధ్య గొయ్యి తవ్వినట్టుంటుంది. ఆమె పోయాక అతను మీగడ మాటల కింద పరుస్తూ వచ్చింది ఆమె చివరిసారి నిలబడినప్పటి నిశ్శబ్దం. ఆ రోజు రికార్డింగు గది అద్దం ఇవతల కూర్చుని అతను శబ్దం కొలిచే మీటరు ముల్లు వంకే చూశాడు. ముల్లు కదల్లేదు. ఆమె ముఖం చూడలేదు.

వాన భాగం తెరిచి మాటలు, సంగీతం, వాన అన్నీ తీసేశాడు. ఆ నిశ్శబ్దాన్ని ఒక్కదాన్నే ఉంచి పెంచాడు. మొదట సన్నటి హోరు. ఇంకా పెంచితే ఊపిరి. బిగబట్టి, పళ్ల మధ్య నుంచి కొంచెం కొంచెంగా వదులుతున్న ఊపిరి. నొప్పిని చప్పుడు కాకుండా మింగుతున్న మనిషి ఊపిరి. తెర మీద నలుగురు అమ్మాయిలు చెవులు ఆడిస్తూ వాన చూస్తున్నారు.

ఇన్నాళ్లూ ప్రతి నవ్వు కిందా ఇదే ఉంది.

పిడుగు లేచి వెళ్లి స్పీకరుకు చెవి ఆనించింది. పిల్ల భుజాలు ఆ ఊపిరితోపాటే లేస్తున్నాయి, అది ఆగిన చోట ఆగుతున్నాయి.

"ఆపరా, ఆపేయ్!" అంది అక్క.

కత్తెర ఆపేశాడు. తెర నల్లబడింది. ముల్లు కిందకు పడిపోయింది. ఊపిరి మాత్రం ఆగలేదు.

అదే ఊపిరి, పళ్ల మధ్య నుంచి, కొంచెం కొంచెంగా. అక్క స్పీకరు వంక చూసింది. కత్తెర అద్దం అవతలికి చూశాడు. మైకు ముందు ఎవరూ లేరు. అప్పుడు పిల్ల ఇటు తిరిగింది. పెదవులు బిగించి ఉంది, గొంతు కింద గుంట లేచి పడుతోంది.

ఈసారి అతను ముఖమే చూశాడు.

"మింగకు తల్లీ," అన్నాడు. "నేను వింటున్నాను."

కింది పెదవి వణికింది. "నాన్నా," అంది పిడుగు, తన సొంత గొంతుతో. "చెయ్యి మండుతోంది. అమ్మకు కూడా ఇలాగే ఉండేదా?"

"ఉండేదమ్మా. చాలా ఉండేది."

అప్పుడు పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.