ఆగి అడిగే ముక్క

"మీ సాఫ్ట్‌వేర్ దానంతటదే అన్నీ అమర్చుకుంటుందన్నావుగా, మరి ఆఫీసులో నువ్వెందుకు?" అన్నారు మా ఆయన, నేను మడతపెడుతున్న బట్టల్లోంచి తన చొక్కా లాక్కుంటూ. "రేపు సెలవు పెట్టెయ్. అక్కావాళ్ళు భోజనానికొస్తామంటే సరేనన్నాను."

నన్నొక మాట అడగలేదు. అడిగే అలవాటే ఈ ఇంట్లో లేదు. వంట దానంతటదే అవుతుందనీ, ఉతికిన బట్టలు వాటంతటవే బీరువాలోకి నడిచి వెళ్తాయనీ నమ్మే మనిషికి ప్రోగ్రాములు కూడా అలాగే పుడతాయనిపించడంలో వింతేముంది! నిజమే, ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే చాలు, మా సాఫ్ట్‌వేర్ తగిన ప్రోగ్రాము ముక్కల్ని ఏరి, కలిపి, ఆ పని తనే చేసుకుపోయే ప్రోగ్రాముని, అంటే ఏజెంట్‌ని, అప్పటికప్పుడు తయారుచేస్తుంది. మరి ఆ ముక్కలెవరివండీ? కాగితాలు చదివేది, తేదీలు సరిచూసేది, అనుమానమొస్తే ఆగి మనిషిని అడిగేది, అన్నీ నేను రాసినవే. ఏ ఏజెంట్‌లో పెట్టినా ఇమిడేలా చెరిపి, మళ్ళీ రాసి, పొయ్యిమీద పాలను ఓ కంట కనిపెడుతూ రాశాను. "పొద్దస్తమానం ఆ డబ్బా ముందేనా?" అని అత్తగారు సణుగుతూనే ఉన్నారు. మా టీమ్ లీడరైతే మరీను! "ముక్కలు అతికించడమేగా, రేపు చూడ్డానికొచ్చే ఆస్పత్రివాళ్ళకి నేను చూపిస్తాలెండి" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నా పనిని నేనే చూపించాలి, అంతే.

పొద్దున్నే తయారై, "వంట మీరు చూసుకోండి" అన్నాను. ఆయన తెరిచిన నోరు మూసేలోపు గుమ్మం దాటేశాను.

ఆస్పత్రి తరఫున పెద్ద నర్సు వచ్చింది. మేం సిద్ధం చేసుకున్నవేవీ ఆవిడకి పట్టలేదు. "ఇంటికెళ్ళిన రోగులకి మందుల వేళ గుర్తుచేసేది కావాలి. ఇప్పుడే చెయ్యండి చూద్దాం" అంది. లీడర్ తడబడ్డాడు. నేను కుర్చీ ముందుకి జరుపుకుని ఆవిడ మాటల్నే టైప్ చేశాను. ముక్కలు కలిశాయి, ఏజెంట్ లేచింది, ఆవిడిచ్చిన మందుల చీటీ చదివింది. చదివి, ఆగిపోయింది. "ఒకే మందు రెండు పేర్లతో ఉంది. డాక్టర్‌ని అడగనా?" అని తెరమీద వచ్చింది.

"చిన్న ఇబ్బందండీ, ఆ ముక్క తీసేస్తాం" అన్నాడు లీడర్ కంగారుగా.

"తీయను సార్" అన్నాను. "తెలియనప్పుడు ఆగమని నేనే రాశాను."

నర్సు చీటీ మళ్ళీ చూసుకుంది. "అవును, రెండుసార్లు రాశారు! ఈపాటి బుద్ధి మా డాక్టర్లకి ఉంటే ఎంత బాగుండు! అమ్మాయ్, ఇదంతా నీ పనేనా?"

"నాదే." ఆ మాట ఇంత గట్టిగా నేనెప్పుడూ అనలేదు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

"అయితే మా ఆస్పత్రిలో దీన్ని నువ్వే నిలబెట్టాలి. కొన్నాళ్ళు మా ఊళ్ళో ఉండాలి మరి."

"ఆవిడకి ఇల్లూ వాకిలీ ఉన్నాయండీ" అని లీడర్ అందుకున్నాడు. "ఇంట్లో అడిగి చెబుతారులెండి."

"ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నాను. "సోమవారం వస్తున్నాను."