మాట మిగిలితే కదలని రైలు

రండి, ఇంకా దగ్గరికి జరగండి. ఆ చివర ఎండ తగులుతోంది, ఇటు నీడలోకి వచ్చేయండి. సంచులు ఒళ్ళో ఎందుకు, పక్కన పెట్టుకోండి. కూర్చున్నారా? ఈరోజు కోయంబత్తూరు పెద్ద స్టేషన్ సంగతి చెబుతాను.

మీలో చాలామంది చూసిందే. ఇప్పుడక్కడ ఎస్కలేటరు ఉంది, ముసలివాళ్ళను కూర్చోబెట్టుకుపోయే బ్యాటరీ బండి ఉంది, చల్లటి వెయిటింగ్ హాలు ఉంది, మూడు భాషల్లో అనౌన్స్‌మెంటు ఉంది. మన తాతలు మిల్లులకు పత్తి బేళ్ళు దించిన కాలంలో ఇవేవీ లేవు. ఒక కప్పు, ఒక గంట, అంతే. కానీ ఒక సంగతి మాత్రం అప్పటినుంచి ఇప్పటిదాకా మారలేదు. ప్లాట్‌ఫారం మీదున్న మనిషికి, రైలులో ఉన్న మనిషితో చెప్పవలసిన మాట గొంతులో మిగిలిపోతే ఆ రైలు కదలదు. బొగ్గు బండి కదల్లేదు, డీజిల్ బండి కదల్లేదు, ఇప్పటి కరెంటు బండీ కదలదు.

సిగ్నల్ పడినా బండి నిలిచే ఉంటే గార్డు దినకరన్ దిగి, "ఎవురికమ్మా మిగిలింది? సీక్రం, తొందరగా చెప్పేయండి" అంటూ పెట్టెల పక్కన నడుస్తాడు. కొత్త పెళ్ళికొడుకు సిగ్గుపడుతూ కిటికీలో తలపెట్టి ఏదో గొణుగుతాడు. కొట్లాడుకున్న అన్నదమ్ములు ముక్కు చీదుకుంటారు. బండి కదులుతుంది. కాఫీ అమ్మేవాళ్ళకు ఆ ఆలస్యంలోనే బేరం.

ఆర్.ఎస్. పురంలో మోటారు పంపుల అంగడి ఉన్న కృష్ణరాజ్ మనవాడే, మన తెలుగు సంసారమే. ఆయనకు, వేదవల్లికి ఒక్కతే బిడ్డ, గోపిక. ఆ పిల్ల తనతో పనిచేసే సెంథిల్‌కుమార్‌ను పెళ్ళి చేసుకుంది. అతను మన కులంవాడు కాదు. కృష్ణరాజ్ అరవలేదు, కొట్టలేదు. పెరట్లో నిలబడి, ఎవరో చచ్చిపోయినట్టు తలమీద చన్నీళ్ళు పోసుకున్నాడు. బతికున్న బిడ్డకు అలా తల ముణిగితే ఇక ఆ బిడ్డ లేనట్టే. పేరెత్తకూడదు, ఎదురుపడ్డా పలకరించకూడదు. వేదవల్లి తలమీద కూడా ఒక చెంబు ఆయనే పోశాడు. ఆమె నిలబడి పోయించుకుంది.

కొన్నాళ్ళకు సెంథిల్‌కు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. గోపిక తనదొకటి ఇస్తానంది. చెన్నైలో ఆపరేషను. పొద్దుటి రైలుకు ఇద్దరూ బయలుదేరుతున్నారని ఎవరో చెబితే, వేదవల్లి మార్కెట్టుకని చెప్పి స్టేషనుకు వెళ్ళింది. ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని ఒక స్తంభం చాటున నిలబడింది. సిగ్నల్ పడింది. బండి కదల్లేదు.

"సొల్లిడుంగమ్మా, చెప్పేయండి!" పెట్టెలోంచి ఎవరో కేకేశారు. "లోపల పేషెంటు ఉండాడు!"

ఆ మాటతో వేదవల్లి నోట్లో కుక్కుకున్న కొంగు లాగేసి కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"పాపా, ఏమన్నా తిన్నావా?"

"అమ్మా! నువ్వెట్లా వస్తివి? నాయన చూస్తే?"

"చూస్తే చూడనీ. మీరిద్దరూ మంచంలో పడుకుంటే గంజి కాచేదెవురే?"

"ఆసుపత్రిలో క్యాంటీన్ ఉండాది."

"క్యాంటీన్ గంజి గోడలకు సున్నం కొట్టేదానికి పనికొస్తాది!"

సెంథిల్ కూడా నవ్వాడు. ఉబ్బిన ముఖంలో ఆ నవ్వు నొప్పిలా కనిపించింది. ఇక బండి కదలాలి. కదల్లేదు.

అప్పుడందరూ వెనక్కి తిరిగారు. మెట్ల దగ్గర తెల్ల చొక్కా, తెల్ల పంచె. కృష్ణరాజ్. భార్య ఎక్కడికెళ్ళిందో ఎవరో ఫోన్ చేసి చెబితే అంగడి వదిలి వచ్చాడు. అంత కోపంలోనూ వరుసలో నిలబడి ప్లాట్‌ఫారం టికెట్ కొనే వచ్చాడు.

"సార్, చెప్పేయండి," అన్నాడు దినకరన్.

"నాకేం లేదు."

"లేకుంటే బండి ఎందుకు నిలిచిందప్పా? నీ పంచె మడత చూసేదానికా?" అంది పూలమ్మే పాప్పమ్మాళ్. జనం నవ్వారు.

"నాకు బిడ్డే లేదు. లేని బిడ్డతో మాటేముంటాది?"

బండి కదల్లేదు.

గోపిక కిటికీ కడ్డీలు పట్టుకుంది. "నాయనా, తిట్టాలంటే తిట్టు. తిట్టినా బండి పోతాది. ఈయనకు ఆలస్యమైతే కాదు."

కృష్ణరాజ్ నోరు తెరిచాడు. కాఫీ డబ్బాలవాళ్ళు కూడా ఆగి చూశారు. ఆయన నోరు మూసుకుపోయింది.

"అంగట్లో పనుండాది," అని దినకరన్‌తో అని, వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. ఆయన గేటు దాటగానే బండి కదిలింది.

వేదవల్లి కిటికీ వదల్లేదు. దానితో పాటు నడిచింది, తర్వాత పరుగెత్తింది. తలుపు దగ్గర నిలబడ్డ ఎవరో చెయ్యిచ్చి పైకి లాగారు. ప్లాట్‌ఫారం టికెట్‌తో, కట్టుకున్న చీరతో చెన్నై వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కృష్ణరాజ్ పెరట్లో మళ్ళీ తల ముణిగాడు, ఈసారి భార్యకు. ఒళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు అందించేవాళ్ళు లేరు.

ఆపరేషను బాగానే జరిగింది. ముగ్గురూ అక్కడే ఉండిపోయారు. వానాకాలం వచ్చి పోయాక కృష్ణరాజ్ రోజూ మధ్యాహ్నం అంగడి మూసి స్టేషనుకు రావడం మొదలుపెట్టాడు. టికెట్ కొంటాడు, ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు. బండి టైముకు కదలాలని అక్కడున్న వాళ్ళందరూ మొక్కుకుంటారు. కదలకూడదని ఆయనొక్కడే మొక్కుకుంటాడు. వాళ్ళు లోపల ఉంటే అది కదలదు కదా. ఒక్కో బండీ ఆయన ముందు నుంచే, టైముకే వెళ్ళిపోతుంది.

చూసి చూసి దినకరన్ ఒకరోజు ఆపుకోలేకపోయాడు. "సార్, వాళ్ళు రాకుండా లేరు, నా బండిలోనే చూస్తుంటాను. సెంథిల్ వాళ్ళమ్మను చూసేదానికి వస్తుంటారు. ఇక్కడ దిగరు, ఇక్కడ ఎక్కరు. మళ్ళీ బండి నిలిచిపోతే ఏం చేసేదని ఆ బిడ్డకు భయం. పోదనూరులోనే దిగి, పోదనూరులోనే ఎక్కుతారు."

పోదనూరు ఊరి చివర ఉన్న జంక్షను, మన స్టేషన్ కంటే పాతది. మన ఊరి లోపలికి రాకుండా అటునుంచటే పోయే బండ్లు ఇప్పటికీ ఉన్నాయి.

"ఆదివారం వస్తారంట. పోండి సార్."

కృష్ణరాజ్ చేతిలోని టికెట్‌ను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అక్కడ బండి ఆగుతాదా?"

"ఆగుతాది సార్, స్టాపింగు ఉండాది."

"అది కాదప్పా. మాట మిగిలితే ఆగుతాదా?"

"లేదు సార్. అక్కడ దేనికీ ఆగదు. మనమే నోరు తెరిచి చెప్పాల."

ఆదివారం వచ్చింది. కృష్ణరాజ్ తలదువ్వుకుని, ఉతికిన పంచె కట్టుకుని బయలుదేరాడు. బస్సు ఎక్కాడు. కోయంబత్తూరు స్టేషన్ ముందు దిగాడు. ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు. ఆరోజు బండ్లన్నీ టైముకే పోయాయి.

ఆయన గొంతులో ఉన్న మాటేమిటని అడగకండి, నాకూ తెలీదు. లేవండి ఇక, బట్టలు దులుపుకోండి. మీ అమ్మలు పళ్ళేలు పెట్టి చూస్తుంటారు. ఇంటికెళ్ళి, వేడిగా ఉండగానే తినండి.