కుర్చీ మావయ్య తలెత్తిన రోజు

పొద్దున్నే లేవగానే కుర్చీ మావయ్య చేసే మొదటి పని మోకాలికి కట్టు కట్టించుకోవడం. మంచం అంచున కూర్చుని కాలు చాపేవాడు. భార్య ఎదురుగా పీట వేసుకుని, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చుట్టి, పైన సాగే పట్టీ బిగించేది.

"సరిపోయిందా?"

"ఊఁ."

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో వాళ్ళ పొద్దుటి మాటలు అంతవరకే. ఆ తర్వాత ఆయన కుర్చీ వీపున వేసుకుని బస్సులు ఆగే చోటికి పోయేవాడు.

అది చెక్క కుర్చీ. భుజాలకు రెండు తోలు పట్టీలు, నుదుటికి ఒకటి. నడవలేనివాళ్ళు, ఎత్తెక్కితే ఊపిరి అందనివాళ్ళు అందులో కూర్చుంటే, మోసేవాడు మూడు గంటల్లో కొండ మీద సరస్సు దగ్గరికీ, అక్కణ్ణించి మంచునది అంచుకీ చేరుస్తాడు. మోసేవాడి మొహం ముందుకు, కూర్చున్నవాళ్ళ మొహం వెనక్కి. ఊళ్ళో ఇలాంటి కుర్చీలు పన్నెండున్నాయి. మన మావయ్యది అన్నిటికన్నా పాతది, తండ్రి నుంచి వచ్చింది.

దారిలో మొదటి రెండు మలుపులూ దట్టమైన అడవి. అక్కడ మనిషి బరువు మనిషి బరువే, ప్రాణం తోడేస్తుంది. మూడో మలుపు తిరగ్గానే అడవి తెర తీసినట్టు పక్కకి తొలగి, చుట్టూ మంచుకొండలు నిలబడతాయి. ఎంతటివాడైనా "అబ్బ!" అంటాడు. ఆ మాటతోనే బరువు దిగిపోతుంది. దూదిపింజలా అయిపోతాడు. అందుకే మోసేవాళ్ళు అక్కడొక్క క్షణం ఆగి కుర్చీ నడుం పట్టీ బిగిస్తారు. ఒకసారి ఎవరో మర్చిపోతే, ఒక బ్యాంకు గుమాస్తా గాలికి లేచి పైన్ చెట్టు కొమ్మల్లో చిక్కుకున్నాడు. నిచ్చెన వేసి దింపితే, ఇంకాసేపు ఉండనివ్వాల్సింది కదా అని తగువు పెట్టుకున్నాడు. ఫోన్లోంచి చూసేవాళ్ళు సగమే తేలికవుతారు. దారంతా పోట్లాడుకుంటూ వచ్చే దంపతులు వీసమైనా తగ్గరు. ఇంటికి తాళం వేశామా లేదా అన్న అనుమానం వచ్చిందంటే మాత్రం ఎంత తేలికైనవాళ్ళూ చటుక్కున బరువెక్కుతారు. ఇవన్నీ ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతులే.

మోసేవాళ్ళు మాత్రం తేలికవరు. అదీ అందరికీ తెలుసు. ఎందుకవరని ఎవరూ అడగలేదు. "మోసేవాడి కళ్ళు కాలి ముందుండాలిరా. తలెత్తావా, ఇద్దరూ లోయలోనే," అని మావయ్యకి తండ్రి చెప్పాడు. మావయ్య ఆ మాట జవదాటలేదు. దారిలో ప్రతి రాయీ ఆయనకి పేరు పెట్టి పిలిచేంత తెలుసు. సరస్సు దగ్గర కుర్చీ దించాక బండ చాటుకి పోయి, టోపీ మొహం మీదకి లాక్కుని కునుకు తీసేవాడు. రమ్మంటే లేచి, మళ్ళీ రాళ్ళు చూసుకుంటూ దిగేవాడు.

ఆ ఏడు డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. "మోకాలు అరిగిపోయింది. ఇక మోతలు మానెయ్." కింద పట్నంలో పళ్ళు నిలవచేసే చల్లటి గిడ్డంగికి కాపలా మనిషి కావాలన్నారు. కిటికీలు లేని గది, ఇనప తలుపు, తలుపు పక్కన స్టూలు. సోమవారం చేరాలి. భార్య అప్పుడే గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది.

శుక్రవారం బస్సులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు దిగారు. అక్క హాస్టల్లో ముప్పయ్యయిదేళ్ళు వంట చేసి రిటైరైన మనిషి. నిండైన విగ్రహం, రోకళ్ళలాంటి చేతులు. చెల్లెలు పోస్టాఫీసులో పనిచేస్తుంది. పుల్లలా ఉంటుంది కానీ నడకలో గాలిపటమే. పొయ్యి పొగ తప్ప ఏమీ చూడని అక్కకి కొండలు చూపించాలని చెల్లెలి ముచ్చట.

"ఎత్తెక్కితే నాకు ఆయాసం నాయనా, దిగడానికి ఫర్వాలేదు," అంది వంటావిడ కుర్చీలో సర్దుకుంటూ. "నీ కుర్చీ ఆగుతుందా?"

"ఆగుతుందమ్మా. మూడో మలుపు దాకా ఓపిక పడితే చాలు, ఆ తర్వాత అందరూ తేలికవుతారు."

రెండు మలుపులు పళ్ళ బిగువున లాగాడు. మూడోది తిరిగి, పట్టీ బిగించి, బరువు తగ్గడం కోసం ఎదురు చూశాడు. తగ్గలేదు.

"చూశావా అక్కా!" పక్కన చెల్లెలు నేలకి జానెడు ఎత్తున తేలుతూ, ఒక చేత్తో కుర్చీ కోడు పట్టుకుని కేక పెట్టింది.

"చూశాను. తెల్లగా ఉన్నాయి."

"అంతేనా?"

"ఇంకేమనమంటావే? మూడొందల మందికి వండి వార్చినదాన్ని. ఆ ఆవిరి ముందు ఇదెంత?"

సరస్సు చూసి "పాత్రలు కడిగిన నీళ్ళ రంగు" అంది. మావయ్య చెమటలు కక్కుతూ, నవ్వాపుకుంటూ, మంచునది అంచు దాకా మోశాడు. అక్కడ తడి రాయి మీద అడుగు పడింది. మోకాల్లో ఏదో పుటుక్కుమంది. పడిపోతూనే కుర్చీని నిటారుగా దించాడు. ఆవిడకి దెబ్బ తగలలేదు. ఆయన మాత్రం లేవలేకపోయాడు.

మధ్యాహ్నం దాటింది. మిగతా కుర్చీలన్నీ ఎప్పుడో దిగిపోయాయి. పక్క లోయ నుంచి మబ్బు ఎగబాకుతోంది. అది కమ్మిందంటే దారి కనిపించదని, రాత్రి ఇక్కడ చిక్కుకుంటే బతకడం కష్టమని మావయ్యకి తెలుసు.

"మీరిద్దరూ దిగిపోండమ్మా. కింద ఎవరికైనా చెప్పండి," అన్నాడు.

"చెప్పి, వాళ్ళొచ్చేసరికి నువ్వు గడ్డకట్టి ఉంటావు," అంది వంటావిడ. భుజం పట్టీలు చేత్తో లాగి చూసింది. "ఈ కుర్చీలో నువ్వు కూర్చో. నేను మోస్తాను."

"నేను డెబ్బై కిలోలమ్మా!"

"అందరూ తేలికవుతారంటివి. నువ్వెందుకవవు?"

"మోసేవాళ్ళం అవమండీ."

"ఎవరు చెప్పారు? నువ్వెప్పుడైనా అటు చూశావా?"

ఆయన కళ్ళు పక్కనున్న తడి రాయి మీదే ఉన్నాయి.

"ఏమయ్యా, నిన్నే. తలెత్తు."

మావయ్యకి భయమేసింది. ఇన్నేళ్ళు వంగిన మెడ, ఎటు తిప్పాలో దానికే తెలియనట్టుంది. మెల్లగా ఎత్తాడు. ముందు బురద కలిసిన మంచు, ఇన్నాళ్ళూ తన చెప్పులకి అంటుకున్నదే. దానిపైన మంచు మెట్లు. ఆ పైన, రెండు శిఖరాల నడుమ నుంచి ఒక నది నదంతా పరుగున దిగి వస్తూ, ఎవరో పేరు పెట్టి పిలిస్తే నిలబడిపోయినట్టు ఉంది. అలలు అలలుగానే ఆగిపోయాయి. అలకీ అలకీ మధ్య పగుళ్ళు. పగుళ్ళలోపల నీలం. ఏ గుడ్డకీ, ఏ పక్షికీ, ఏ ఆకాశానికీ ఆయన చూసి ఎరగని నీలం, లోపలెక్కడో దీపం పెట్టినట్టు. పైన ఎక్కడో ఒక మంచు పెళ్ళ విరిగి, పిండి జల్లినట్టు జారింది. దాని చప్పుడు చాలాసేపటికి వచ్చింది, కొత్త బట్ట చింపినట్టు.

"ఇది... ఇది రోజూ ఇక్కడే ఉంటుందా?" అన్నాడు.

"నన్నడుగుతావేం? మీ ఊరేగా!"

చెల్లెలు గబుక్కున ఆయన చొక్కా పట్టుకుంది. అప్పటికే కాళ్ళు నేల వదిలేశాయి.

ఇద్దరూ ఆయన్ని కుర్చీలోకి లాగి పట్టీ బిగించారు. వంటావిడ నుదుటి పట్టీ వేసుకుని లేచింది. "ఇంతేనా? ఖాళీ డేగిసా ఇంతకన్నా బరువుంటుంది," అంది. ఆవిడ తేలికవకపోవడమే ఆ పూట మేలైంది. ఎంత గాలి వీచినా అడుగు తడబడలేదు. చెల్లెలు ముందు నడుస్తూ దారి చూపించింది.

వెనక్కి తిరిగి కూర్చున్నవాడికి దిగేటప్పుడు కొండంతా ఎదురుగానే ఉంటుంది. మావయ్య నోరు మూతపడలేదు. పొద్దుటికి ఒక్క "ఊఁ"తో సరిపెట్టే మనిషి, దారంతా చెబుతూనే ఉన్నాడు. వాలుతున్న ఎండ తగిలి ఎడమ శిఖరం గులాబీ రంగుకి తిరిగిందన్నాడు. సరస్సులో కొండ తలకిందులుగా ఉందనీ, చిన్న అల వస్తే అది వణికి, మళ్ళీ సర్దుకుంటోందనీ అన్నాడు. నీళ్ళు అలా పాలపచ్చగా ఉండడానికి కారణం మంచు కింద నలిగిన రాతి పొడి అని, తండ్రి ఎప్పుడో చెప్పింది గుర్తు తెచ్చుకుని చెప్పాడు. వంటావిడ మొదట "సరే, సరే" అంది. తర్వాత రెండుసార్లు మాత్రం, "ఆ నీలం ఎలా ఉందన్నావ్?" అని అడిగింది.

మబ్బు సరస్సు దాకా వచ్చేలోపు మూడో మలుపు దాటారు. అడవిలో మావయ్య బరువు కొంత తిరిగొచ్చింది కానీ మొత్తం రాలేదు. చీకటి పడకముందే ఇంటి ముందు దించారు. భార్య వాకిట్లోకి వచ్చి, కుర్చీలో మొగుణ్ణి, మోస్తున్న ఆడమనిషిని చూసి బుగ్గ నొక్కుకుంది.

మర్నాడు వంటావిడ మళ్ళీ కొండెక్కింది. వేరే కుర్చీలో. మూడో మలుపు తిరిగీ తిరగ్గానే ఆవిడ ఎంత తేలికైపోయిందంటే, రెండు పట్టీలు వేయాల్సొచ్చిందని ఆ మోసినతను ఊరంతా చెప్పాడు.

డాక్టరు మోకాలు నొక్కి చూశాడు. నాలుగు వారాలు మంచం దిగొద్దన్నాడు. గిడ్డంగి వాళ్ళు అంతకాలం ఆగలేమని వేరే మనిషిని పెట్టుకున్నారు. భార్య కళ్ళు తుడుచుకుంది. మావయ్య మాత్రం డాక్టర్ని పట్టుకున్నాడు.

"కొండ కనబడుతున్నంతసేపూ నొప్పి తెలియలేదండీ."

"ఒంటి మీద బరువు లేకపోతే మోకాలికి నొప్పేముంటుంది? అయితే కొండ కనబడే చోటే ఉండు," అన్నాడు డాక్టరు, మందుల చీటీ రాస్తూ.

సరస్సు ఒడ్డున యాత్రికులు ఆగే చెక్క బస ఒకటుంది. చలికి భయపడి దాని కాపలాకి ఎవరూ నిలిచేవారు కాదు. మావయ్య కబురు పెట్టి అడిగాడు, ఇచ్చేశారు.

నెల తిరిగాక, గిన్నెల మూటతో మొగుడూ పెళ్ళాం బయల్దేరారు. ఆయన మోకాలు పాడవుతుందని ఆవిడ రెండు మలుపులూ నడిచే వచ్చింది. మూడోదానికి పది అడుగుల ముందు ఆయన కుర్చీ దించి, "కూర్చో," అన్నాడు.

"నేనా? వద్దొద్దు, నేను బరువు."

"కూర్చోవే. ఎక్కడెక్కడివాళ్ళనో మోశాను."

పట్టీ బిగించి, లేచి, మలుపు తిరిగాడు. వెనక నుంచి "అబ్బ" అన్న మాట వినబడలేదు. వీపు మీద ఉన్నట్టుండి ఏమీ లేదు. పడిపోయిందేమోనని చెయ్యి వెనక్కి చాపాడు. చల్లటి వేళ్ళు ఆయన చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

"ఏమయ్యా, ఇన్నేళ్ళూ ఇది ఇక్కడుందని నాకొక్క మాటైనా చెప్పలేదేం?" అంది ఆవిడ. గొంతులో ఏడుపు ఉంది, నవ్వూ ఉంది.

"నాకు మాత్రం ఎవరు చెప్పారే?" అన్నాడాయన.

ఆ తర్వాత గంట నడక వాళ్ళకి పొద్దుగూకేదాకా పట్టింది. ఆవిడ ఆగమన్నచోటల్లా ఆయన ఆగాడు.