గుమ్మం పట్టుకొచ్చిన వల

నేను ఒక వలను. కేవలం వలేగా అని తీసిపారేయకండి. ఆ 'కేవలం'లోనూ నేనున్నాను. మీకు కావలసినదాంట్లో ఉన్నాను, ప్రేమిస్తే వలపులో ఉన్నాను, ఆ వలపు వికటించాక వలవలా ఏడ్చే ఏడుపులోనూ ఉన్నాను. ఒళ్ళంతా కళ్ళున్నవాళ్ళు ముల్లోకాల్లో ఇద్దరమే. ఒకరు స్వర్గంలో ఇంద్రుడు, రెండోది నేను. ఆయనకి అన్ని కళ్ళు ఎందుకొచ్చాయో నలుగురిలో చెప్పుకుంటే బాగోదు. నావి మాత్రం నిఖార్సయిన యంత్రం అల్లినవి. వల రంధ్రాన్ని మావాళ్ళు కన్ను అనే అంటారు.

పుట్టినప్పుడు నాకు తలా లేదు, తోకా లేదు. కిలోల లెక్కన తూచి అమ్మే నైలాన్ మూటని. ఉత్తరాంధ్ర తీరంలో రాళ్ళరేవు అనే పల్లె నుంచి గురువులు అనే ముసలాయన వచ్చి నన్ను కొన్నాడు. పైన తాడుకి బెండ్లు కట్టాడు, కింద తాడుకి సీసం గుళ్ళు గుచ్చాడు. బెండ్లు తేలుదామంటాయి, సీసం మునుగుదామంటుంది. ఈ ఇద్దరి పేచీ మధ్య నీళ్ళలో నిటారుగా నిలబడడమే వల బతుకు. "సంసారమూ ఇంతే" అనేవాడు గురువులు. పొరపాటున కాలు తగిలితే నన్ను కళ్ళకద్దుకునేవాడు. ఖాళీగా పైకొస్తే మాత్రం నా వంశాన్ని ఏడు తరాలు తిట్టేవాడు. యంత్రానికి అన్ని తరాలు ఎక్కడివో నాకు తెలియదు.

ఆయన కళ్ళకి పొరలు కమ్మాక నన్ను మేనల్లుడు పోలారావు చేతిలో పెట్టాడు. "నా కళ్ళు పోనాయి, దీని కళ్ళున్నాయి. తీసికెల్లు" అన్నాడు.

పోలారావు మామూలు మనిషి కాదు. నీటి రంగు చూసి కింద ఏ చేప ఉందో చెప్పేవాడు. సముద్రం గురించి సముద్రానికే పాఠం చెప్పగల దిట్ట. అలాంటివాడికి ఇంట్లో మాత్రం ఒక పేరు దగ్గర చిక్కు పడింది. అతని భార్య నూకాలు రెండేళ్ళ కిందట బాప్తిస్మం పుచ్చుకుని రూతమ్మ అయింది. "పేరు మారినా పులుసు మారలేదు కదా" అని అతను ఊరుకున్నాడు గానీ, నూకాలు అని పిలవడం మాత్రం మానలేదు. అంతకు ముందు నెలలోనే ఆమె కడుపులో బిడ్డ పోయింది. ఆమె ఇంట్లో ఏడుస్తుంటే పోలారావు చూడలేక సముద్రం మీదికి పారిపోయేవాడు. అన్ని నీళ్ళు చూసినవాడు ఆ రెండు చుక్కలకి జడిసేవాడు. ఆమె నోరు విప్పి ఏడవగలిగిన చోటు గుడిలో ఆమె వేసుకునే చాప ఒక్కటే.

ఆ గుడి అంటే రేకుల పాక. దానికి తలుపు లేదు, గుమ్మమూ లేదు. 'నేనే ద్వారము' అన్న ప్రభువు గుడికి ద్వారం లేకపోవడంతో, ఆరాధన మధ్యలో మేకలు వచ్చి చివరి దీవెన దాకా ఉండి వెళ్ళేవి. పాస్టరు యోబుగారు వృత్తికి వడ్రంగి. ఆరు రోజులు రంపంతో కోసేవారు, ఏడో రోజు నోటితో. ఊళ్ళో అందరి ఇళ్ళకీ తలుపులు చేసిపెట్టిన మనిషికి సొంత గుడికి తలుపు చేసేందుకు కర్ర దొరకలేదు. చెక్క ధర అలా ఉంది.

ఇక అసలు సంగతి. గుడిలో ప్రేమవిందు, అంటే ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే భోజనం, ఉందంటే ముందు ఆదివారమే ఒక్కొక్కరూ లేచి మాట ఇవ్వాలి. బియ్యం మావి అని ఒకరు, పప్పు మాది అని ఒకరు అన్నారు. రూతమ్మ లేచి "సేపలు మావి" అనేసింది. మొగుణ్ణి అడగలేదు. సముద్రాన్ని అసలే అడగలేదు. ఇవ్వాల్సింది నూట ఇరవై మందికి. అప్పటికి మూడు రోజులుగా రేవులో ఎవరికీ చేప పడడం లేదు. ఆ తర్వాత ఇంకో ఆరు రోజులూ పడలేదు.

విందు ఆదివారం పొద్దున కూడా పోలారావు ఖాళీగానే ఒడ్డుకొచ్చి, నన్ను ఇసుకలో పరిచి నాచు ఏరుతున్నాడు. అదే సమయానికి గుడిలో యోబుగారు, ఏం పట్టుకున్నారో తెలుసా, సరిగ్గా ఆ వాక్యమే పట్టుకున్నారు. జాలర్లు రాత్రంతా శ్రమపడి ఏమీ దొరక్క వలలు కడుక్కుంటుంటే, ప్రభువు వచ్చి లోతుకెళ్ళి మళ్ళీ వెయ్యమనడం, వాళ్ళు ఆయన మాట మీద వెయ్యడం, వలలు పిగిలేటన్ని చేపలు పడడం. యోబుగారు ఆవేశంగా చెప్పుకుపోతున్నారు. రూతమ్మ చాప మీంచి లేచి బయటికి నడిచింది. నేరుగా మా దగ్గరికే వచ్చింది.

"వల మడత ఎట్టకు. లోతుకెల్లి మల్లీ ఎయ్యాలంట."

"ఎవుడన్నాడు?"

"పాస్టరుగారు. వాక్యంలో సెప్పేరు."

"ఆడు ఒడ్రంగోడే నూకాలూ. నానెల్లి ఆడికి సిత్రిక పట్టడం నేర్పేనేటి? ఇంత ఎండలో ఎయ్యమంటాడా? సేపకి వల కనబడిపోదూ. సేపకి కళ్ళున్నాయి, ఆడికే నేవు."

ఈలోగా బైబిలు చంకలో పెట్టుకుని యోబుగారు పరుగెత్తుకొచ్చారు. వెనక సంఘం, సంఘం వెనక మేకలు. "అమ్మా రూతమ్మా, నేను చేసింది ప్రసంగం. అది ఆనాటి సంగతి. నిన్ను వెళ్ళి వెయ్యమనలేదు తల్లీ" అన్నారు ఆయాసపడుతూ.

"సెయ్యడానికి కాపోతే మరెందుకు సెప్పినట్టండి?" అంది రూతమ్మ. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

యోబుగారు చంకలో బైబిలు సర్దుకున్నారు. పాపం, ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నారు. శత్రువును ప్రేమించమన్నారు, గట్టు తగాదా ఒక్కటీ తగ్గలేదు. రెండు చొక్కాలున్నవాడు ఒకటి ఇచ్చెయ్యమన్నారు, జనం హల్లెలూయ అని రెండూ భద్రంగా తీసుకుని ఇంటికి పోయారు. చెప్పేవాడు చెప్పడం, వినేవాడు వినడం అనే ఒడంబడిక మీద సంఘం సుఖంగా నడిచిపోతోంది. ఇప్పుడు ఒక ఆడమనిషి విన్నది చేస్తానంటోంది. ఏ పాస్టరుకైనా గుండె దడే కదా.

ఆ దడ చూసి పోలారావుకి హుషారు పుట్టింది. "సరే పాస్టరూ. నీ మాట మీదే ఎల్దాం. నువ్వూ పడవెక్కు. వల కాళీగా వొచ్చిందనుకో, ఇది గుడి మానెయ్యాల. అందరి ముందరా సెప్తన్నాను." అంటే చేప రాకపోతే చాప చుట్టెయ్యాలన్నమాట.

రూతమ్మ మొహం పాలిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. "నిండితే?" అంది.

"నిండితే నానే వొచ్చి ఆదోరం ఆదోరం గుడి గుమ్మంలో కూకుంటాను."

"మన గుడికి గుమ్మం ఎక్కడేడిసింది నాయినా?" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

"అదే మరి" అన్నాడు పోలారావు.

పడవలో ముగ్గురు మనుషులు, నేను. ఇంజను దగ్గర పోలారావు, నా దగ్గర అతని బావమరిది ఎర్రయ్య, మధ్యలో దేవుడి దగ్గరికి ఒక అడుగు ముందున్నట్టు యోబుగారు. ఆయన ఎప్పుడూ సముద్రం ఎక్కినవాడు కాదు. మూడో అలకే పొద్దుటి ఇడ్లీలు సాక్ష్యం చెప్పడానికి బయటికొచ్చాయి. పడవ కుడి అంచు పట్టుకుని వేలాడుతూ ఆయన వాటిని సముద్రానికి అప్పగిస్తూ ఉంటే, ఉన్నట్టుండి ఆ చావుకళ మొహంలోకి వడ్రంగి కళ వచ్చింది. నీళ్ళలోకి కళ్ళు చికిలించి చూశారు.

"ఇటు... ఇటు తిప్పండి. కుడిపక్క వెయ్యండి."

పోలారావు కుడిపక్కకి కన్నెత్తి కూడా చూడలేదు. నవ్వుకుంటూ ఇంజను తిప్పాడు. "కుడంటే కుడే. అయ్యగారి మాట అచ్చరం తప్పకూడదు. వల మొత్తం ఎయ్యరా ఎర్రిగా, మూర కూడా ఉంచకు."

నేను చాలా విధేయతలు చూశాను గానీ ఇంత నిక్కచ్చి విధేయత చూడలేదు. భక్తితో వేసేవాడైతే ముందు పావు వల వేసి, కాస్త చూసి, దేవుడికి ఇంకో అవకాశం ఇచ్చేవాడు. కసితో వేశాడు కాబట్టి మొత్తం వేశాడు.

నీళ్ళలోకి దిగాక చూద్దును కదా, ఒక దుంగ. ఏ తుపానుకి ఏ దేశపు అడవిలోంచి కొట్టుకొచ్చిందో, మూడొంతులు మునిగి, నాచు పట్టి, ముసలి ఏనుగులా తేలుతోంది. దాని నీడన చేపలు, ప్రేమవిందుకి ముందే వచ్చి కూర్చున్న చుట్టాల్లా గుంపులు గుంపులు. కృప అపారం అని గుడిలో పాడతారు. నా అనుభవంలో అది సపారం. ఒక్కొక్క పార చేప మోచెయ్యంత ఉంది. కానాగంతలు వచ్చాయి, కోనేలు వచ్చాయి. నా కంటికొకటి చొప్పున దూరాయి. ఒళ్ళంతా కళ్ళయితే ఒళ్ళంతా కళ్ళు నిండడం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. ఆ బరువుకి నేను దుంగ వైపు ఒరిగాను, విరిగిన కొమ్మ మొన ఒకటి నా కడుపులో దిగింది, పర్రున చిరిగాను. అద్భుతం వాళ్ళది, చిరుగు నాది.

ఎర్రయ్య చొక్కా విప్పి ఊపి ఇంకో పడవని పిలిచాడు. చేపలు రెండు పడవల్లోకీ వచ్చాయి, దుంగకి తాడు కట్టారు. పోలారావు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. యోబుగారు మాత్రం దుంగని నిమురుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"టేకు" అన్నారు. "పాతకాలపు టేకు."

"సేపల్ని సూడు పాస్టరూ" అన్నాడు పోలారావు నీరసంగా.

ఒడ్డున హల్లెలూయలు మిన్నంటాయి. రూతమ్మ మాత్రం చీర కుచ్చిళ్ళు దోపి, కత్తిపీట తెచ్చుకుని చేపల ముందు కూర్చుంది. మొగుడితో అన్నది ఒకటే మాట. "పులుసులోకి సింతపండు తే."

పంక్తులు వేశాక, ప్రార్థనకి లేచిన యోబుగారు ప్రార్థన చెయ్యలేదు. గొంతు సవరించుకున్నారు. "నేను చేపల్ని చూడలేదు. వాంతి చేసుకుంటూ దుంగని చూశాను. గుడికి తలుపు అవుతుందని ఆశపడ్డాను. చేపల ఊసే నాకు తట్టలేదు. ఇందులో నా విశ్వాసం ఆవగింజంత కూడా లేదు."

"ఎంత తగ్గింపో చూడండి" అన్నారు జనం, కళ్ళు తుడుచుకుంటూ. ఆయన ఎంత కాదంటే అంత హల్లెలూయ. తగ్గేకొద్దీ ఆయన పెరిగిపోతున్నారు.

అప్పుడు పంక్తి చివర పోలారావు లేచాడు. "ఆయన సెప్పింది నిజివే. దుంగ నీడకి సేప సేరుద్ది. పసిగుంటడికీ తెల్సు."

జనం గతుక్కుమన్నారు. రూతమ్మ చేతిలో గరిటె ఆగింది.

"కానీ తొమ్మిది రోజులు నాను ఆ నీల్లే దున్నేను. నాకది కనపడ్లేదు." అంతే అని కూర్చున్నాడు. ఆకు ముందుకి జరిపాడు. "రూతమ్మా, ఇంకో ముక్కెయ్యి."

ఆమె ఒకటి కాదు, రెండు వేసింది.

ఆ రోజు దేవుడికి వందనాలు చెప్పారు, పాస్టరుగారికి చెప్పారు, రెండో పడవకి చెప్పారు, చింతపండు ఇచ్చిన కొట్టువాడికి కూడా చెప్పారు. నన్ను ఎవరూ తలుచుకోలేదు. నేను ఏడవలేదు, వల ఏడిస్తే వలవలా అని ఎగతాళి చేస్తారు. ఆ చిరుగు కుట్టుకి లొంగేది కాదని తేలాక బాగున్న సగాన్ని కొత్త వలకి అతికారు. మిగతా సగాన్ని కొన్నాళ్ళు కోళ్ళ గూడుకి కట్టారు, ఇంకొన్నాళ్ళు చిక్కుడు పాదు నా మీద పాకింది. చివరికి యోబుగారు అడిగి పట్టుకెళ్ళి, కాకులు దూరకుండా గుడి కిటికీకి మేకులు కొట్టి బిగించారు. సముద్రం చూసిన కళ్ళు ఇప్పుడు సంఘాన్ని చూస్తున్నాయి. పెద్ద తేడా లేదు. ఇక్కడా కొందరు చిక్కుతారు, కొందరు జారిపోతారు.

గుడికి టేకు గుమ్మం వచ్చింది, తలుపులు వచ్చాయి. మేకలకి మాత్రమే కష్టం కలిగింది. పోలారావు మాట తప్పలేదు. ప్రతి ఆదివారం ఆ గుమ్మంలోనే కూర్చుంటాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. లోపల తన చాప మీద రూతమ్మ. యోబుగారు ఇప్పుడు ఏ వాక్యం ఎత్తుకున్నా ముందు ఆమె వైపు ఒకసారి భయంగా చూసి గానీ మొదలుపెట్టరు. ప్రభువు పిలిస్తే పేతురు పడవ దిగి నీళ్ళ మీద నడిచిన ఘట్టం మాత్రం పూర్తిగా మానేశారు.

"ఆ నీల్ల మీద నడిసిన కత ఎప్పుడు సెప్తావు పాస్టరూ?" అని గుమ్మంలోంచి పోలారావు వారంవారం అడుగుతూనే ఉంటాడు. అడిగేటప్పుడు గొంతులో వెటకారమే ఉంటుంది. కళ్ళలో ఏముంటుందో అన్ని కళ్ళున్న నాకు తెలుసు. చెబితే ఆమె నిజంగానే అడుగు వేస్తుందని యోబుగారి భయం. వేస్తే మునగదేమోనని పోలారావు భయం.