ఊదారంగు పండు వైను

మా షెడ్డులో మొదట ఒకటే రకం వైను ఉండేది. పుల్లటిది. ఆ పులుపు తెలియకుండా చక్కెర వేశాం. చక్కెర మొహం మొత్తకుండా నారింజ ఎసెన్సు వేశాం. నారింజ విసుగొచ్చిన వాళ్ళకు అనాస, అదీ విసుగొచ్చిన వాళ్ళకు పుదీనా. ముప్ఫై ఏళ్ళ చరిత్ర అంతే. పీపాల్లో తెడ్డు తిప్పింది నేనే.

తరవాత స్ట్రాబెర్రీ తేవాలనుకున్నారు. లేబుళ్ళ పని నా బామ్మర్దికి అప్పగించారు. మా లేబుళ్ళ మీద పండు పేరుండదు, బొమ్మే ఉంటుంది. ప్రెస్సువాడు నమూనా చూపించినప్పుడు బామ్మర్ది ఏదో చెబుతూనే ఉన్నాడట, చూడకుండా తలూపాడు. ప్రెస్సులో ఎర్రసిరా అయిపోయింది. ఆరువేల లేబుళ్ళ మీద పండు ఊదారంగులో వచ్చింది. ఒళ్ళంతా చుక్కలు, నెత్తిన జుట్టు.

ఓనరు ఒక లేబులు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేం పండయ్యా?"

"పండే సార్," అన్నాడు బామ్మర్ది.

"దీనికి తగ్గ వైను శనివారంలోగా తయారవ్వాలి. కాలేదో, నువ్వు ఇంటికి."

ఆ ఇల్లు మాది. తమ్ముడి ఉద్యోగం పోతుందని మా ఆవిడ అప్పటికే ముందుగది సర్దేసింది. నేను రోజుకి పది మాటలు మాట్లాడే మనిషిని. వాడు నిద్రలో కూడా మాట్లాడతాడు.

పనిలో దిగాను. నారింజలో పుదీనా కలిపితే పళ్ళపొడిలా ఉంది. అనాసలో స్ట్రాబెర్రీ కలిపితే కొత్త చెప్పుల వాసన వచ్చింది. బామ్మర్ది పక్కనే నిలబడ్డాడు.

"బావా, ఇది చెట్టుకి కాస్తుందంటావా, తీగకా?"

నేను తెడ్డు తిప్పుతున్నాను.

"తొక్క తీసి తినాలా, తొక్కతోనా? చెప్పు బావా, నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

శుక్రవారానికి నాకు దిక్కు తోచలేదు. ఎసెన్సు డబ్బాలను వారానికోసారి కాస్త వైనుతో కడిగి, ఆ కడిగిన వైను మూల పీపాలో పోస్తాం. దాన్నెవరూ ముట్టరు. మూత తీశాను. ఎన్ని రంగులు కలిశాయో గానీ, అచ్చం ఊదా. గ్లాసులో పోసుకున్నాను. మొదటి గుక్క దగ్గుమందులా ఉంది. రెండో గుక్క అలా లేదు. మూడో గుక్క ఎలా ఉందో గుర్తులేదు. పెద్ద పీపాలన్నిట్లో ఎసెన్సులన్నీ అలాగే కలిపేశాను.

నాలుగు రోజుల్లో సీసాలన్నీ అమ్ముడుపోయాయి. కొట్ల దగ్గర జనం ఆ పండు గురించి వాదులాడుకున్నారు. ఒకాయన అది తన మేనమామ తోటలో ఉండేదని ఒట్టేశాడు. ఇంకొకాయన దాన్ని కోయబోయి చెట్టు మీంచి పడ్డానని మోచేతి మచ్చ చూపించాడు.

ఓనరు పరుగున వచ్చాడు. "ఎలా కలిపావు?"

నేను నోరు తెరిచేలోపే బామ్మర్ది అందుకున్నాడు.

"కలిపింది బావే సార్. నేను పక్కన మాట్లాడుతూ ఉన్నా."

ఓనరుకి భయం పట్టుకుంది. రుచి మారితే కొంప మునుగుతుంది.

"అయితే ఏమీ మార్చొద్దు. ఆయన కలుపుతున్నంతసేపూ నువ్వు పక్కన మాట్లాడుతూనే ఉండు."

వాడు మా ఇంటికి రాలేదు. కాళ్ళు లాగుతున్నాయంటే ఓనరు వాడికి స్టూలు వేయించాడు. నేను నిలబడే తెడ్డు తిప్పుతాను. సాయంత్రం ఇంటికెళ్ళగానే మా ఆవిడ అడుగుతుంది.

"మా తమ్ముడెలా ఉన్నాడండీ?"

"మాట్లాడుతున్నాడు," అంటాను.