పోయినేడాది ధర

బస్సుల వర్క్‌షాపు వేరే ఊరికి తరలిపోతోందన్న కబురు పుట్టిన దగ్గర్నుంచి ఆ వీధిలో ఇళ్ల ధరలు నేలచూపులు చూస్తున్నాయి. నిన్నటిదాకా మా ఇల్లు బంగారమన్నవాళ్లే, కొనే నాథుడి కోసం గుమ్మాల్లో కూర్చుంటున్నారు. అలాంటి రోజుల్లో దర్జీకి మాత్రం పాత ధరకే బేరం కుదిరింది. కొనేది ఆసుపత్రికి కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సు. ఊరి సంగతులు ఆమెకి తెలీవు. అడ్వాన్సు చేతిలో పడేదాకా నోరు కుట్టేసుకోమని బ్రోకరు మరీమరీ చెప్పాడు.

దర్జీకీ అదే కావాలి. ఆ డబ్బొస్తే పెద్ద రోడ్డు మీద, వెనకాల కాపురానికి రెండు గదులున్న సొంత దుకాణం. ఆ బేరమూ బ్రోకరే చూస్తున్నాడు. ఇన్నేళ్లూ పరాయి వాళ్ల అరుగుల మీద మిషను తొక్కి మోకాళ్లు అరిగాయి. ధర్మపన్నాలు చెప్పేవాళ్లెవరూ వచ్చి ఆ మోకాళ్లకి నూనె రాయలేదు.

అడ్వాన్సు ఇంకా ఇవ్వకముందే ఒక రోజు నర్సు పరదాల బట్ట పట్టుకుని వచ్చింది. ఎలాగూ ఈ ఇంటికే కదా, మీరే కుట్టిపెట్టండంది. దర్జీ కిటికీ కొలిచి, అలవాటు కొద్దీ అనేశాడు.

"ఉతికితే ఈ బట్ట కుదించుకుపోతుందమ్మా. ఇంకో జానెడు ఎక్కువ తీసుకోండి."

"ఇలాంటివి ఎవరూ చెప్పరు బాబాయ్. మీ ఇల్లు కొంటున్నానంటే ధైర్యంగా ఉంది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ తిడితే దర్జీకి లెక్కలేదు, ఊరుకుంటేనే భయం.

"మీరిస్తానన్నది పోయినేడాది ధరమ్మా," అన్నాడు చివరికి. "ఇప్పుడంత లేదు." వర్క్‌షాపు సంగతంతా కక్కేశాడు.

కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో అనుకున్నాడు. ఆమె నడుం బిగించింది. గోడ చెమ్మ చూపించి కొంత, కారే కొళాయి చూపించి కొంత కోసేసింది. నిజం చెప్పినవాణ్ణి లోకువ కట్టడంలో లోకం ఎప్పుడూ ముందే ఉంటుంది. నిజం చెప్పాను గానీ ఇల్లు దానమిస్తానన్లేదని దర్జీ మొత్తుకుంటే గానీ ఆగలేదు.

అప్పటికీ తను కొన్నదాని మీద లాభమే. దుకాణానికి మాత్రం చాలదు. ఆ మాటే భార్యతో గొణిగితే నర్సు చెవిన పడింది.

"బాబాయ్, ఆ దుకాణానికి చెప్పింది ఏ ఏడాది ధర?"

అదే ఊరు, అదే బ్రోకరు. అడగాలని దర్జీకి తట్టనే లేదు.

భార్య పకపకా నవ్వింది. "ఇంకొకరి చెవిలో పువ్వు పెట్టే హడావిడిలో మీ చెవి తడుముకోలేదండీ."

దర్జీ చెప్పులేసుకున్నాడు. "డ్యూటీకి ఇంకా టైముందా అమ్మా? కాస్త ఆ దుకాణం దాకా నాతో రండి. నాకు బేరమాడటం రాదు."